శుక్రవారం లైను

నేను పనిలో చేరిన వారంలోనే మొదటి శుక్రవారం వచ్చింది. సాయంత్రం నాలుగు దాటిందో లేదో, మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల బజారు వెనక సందులో, ఒక బట్టల కొట్టు పైనున్న పొడుగాటి గది మా ఆఫీసు. ఆ గదిలోకి ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎక్కువమంది బురఖాల్లో, ఒకరిద్దరు చీరల్లో ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. ఒకామె తన ఫోన్‌ను నా మొహం ముందు పెట్టింది. తెర మీద ఒక మగమనిషి సగం నోరు తెరిచి అలాగే ఆగిపోయి ఉన్నాడు.

"సూడు పాపా, మొగం నిలబడిపోయింది. అర్ధగంట నుంచి ఇట్లనే ఉండాడు. మాట కూడా వినపడ్ల్యా," అంది.

వెనక నుంచి ఇంకొకామె, "నెలనెలా దుడ్లు మాత్రం సక్కగా కట్టించుకుంటారు. శుక్కురారం ఒక్క పూట మాట్లాడుకోనీకి లైను ఇయ్యరు," అంది.

అది నా మొదటి ఉద్యోగం. కంప్యూటర్ల చదువు చదివాను కాబట్టి నెట్‌వర్క్ చూసుకొమ్మని పెట్టుకున్నారు. లోపలి గదిలోంచి మా యజమాని వచ్చి, కుర్చీలన్నీ వాళ్ల వైపు జరిపి, కూజాలోంచి నీళ్లు తనే వంచి ఇచ్చాడు. "ఇంకో గంటకు సర్దుకుంటాది అమ్మా. పిల్లోల్లు ఆటకు పోయినాక సూడండి, వస్తాది," అన్నాడు. వాళ్లు గొణుక్కుంటూ దిగిపోయారు.

ఆయన్ను వీధిలో అందరూ మామా అనే పిలిచేవాళ్లు. నేనూ అదే అలవాటు చేసుకున్నాను. కువైట్‌లో చాలా ఏళ్లు ఏసీలు బాగు చేసి వచ్చిన మనిషి. తిరిగొచ్చాక నాలుగు వీధులకు కేబుల్ టీవీ తీసుకున్నాడు. తర్వాత అవే స్తంభాల మీద ఇంటర్నెట్ తీగ కూడా లాగాడు. రాష్ట్రం రెండుగా విడిపోవడానికి ముందు రోజుల్లో మా ఊళ్లో ఇంటికి నెట్ కావాలంటే ఇలాంటి కేబుల్ వాళ్లే ఎక్కువమందికి దిక్కు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ఆయన నా ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఆయన కువైట్‌లో ఉన్న తొలి రోజుల్లో వీడియో అనే మాటే లేదు. శుక్రవారం సెలవు. నమాజు అయ్యాక ఫోన్ బూత్ ముందు వరుసలో నిలబడేవాళ్లు. కార్డులో డబ్బులు అయిపోయేలోపు ఇంట్లో అందరి మంచి చెడ్డలు అడగాలి. కూతురు మాటలు నేర్చుకోవడం, పళ్లు ఊడి తొస్సిమాటలు పలకడం, అన్నీ చెవితోనే తెలుసుకున్నాడు.

"మొగం సూడనీకి నాకు కుదర్ల్యా. ఈల్లకు కుదురుతాది కదా. అది కూడా నేను ఇయ్యలేకపోతాండా," అన్నాడు.

చిక్కు ఎక్కడుందో నాకు రెండు రోజుల్లోనే తెలిసింది. మేము కడప నుంచి ఒక సన్నని లైను కొని, దాన్నే ఇంటింటికీ పంచేవాళ్లం. శుక్రవారం సాయంత్రం కువైట్ నుంచి ఫోన్లు మొదలయ్యే వేళకే ఇక్కడ బడి వదిలిన పిల్లలు బొమ్మల పాటలు పెట్టుకుంటారు, కుర్రాళ్లు కొత్త సినిమా పాటలు పెట్టుకుంటారు. అన్నీ ఆ ఒక్క లైనులోంచే రావాలి. లైను వెడల్పు చేయించుకోవచ్చు. కానీ ఆ వెడల్పు, మా పనివాళ్ల మాటలో బ్యాండ్‌విడ్త్, అప్పుడు చాలా ప్రియం. రెట్టింపు చేయించుకుంటే, మేము నాలుగు వీధులూ తిరిగి వసూలు చేసేదాంట్లో సగానికి పైన కడపకే పోతుంది.

పులివెందులలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ప్రాక్సీ అంటే మాకు ఒకటే అర్థం. క్లాసుకు రాని స్నేహితురాలి బదులు గొంతు మార్చి హాజరు పలకడం. మూడో ఏడాదిలో ల్యాబు సారు ఇంకో ప్రాక్సీని చూపించారు. ల్యాబులో అరవై మందికీ కలిపి ఉన్నది ఒక బక్క లైను. సారు ఒక పాత కంప్యూటర్‌ను దానికి అడ్డంగా పెట్టారు. మొదట ఎవరు ఏ పేజీ తెరిచినా అది ఒక నకలు తన దగ్గర దాచుకునేది. రెండోసారి ఎవరైనా అదే పేజీ అడిగితే బయటికి పోకుండా తనే ఇచ్చేసేది. దాచిపెట్టుకునే ఆ చోటును క్యాష్ అంటారు. మేము తెలివి మీరి, "నువ్వు ముందు తెరువు, నేను తర్వాత తెరుస్తా," అని ఒకరి మీద ఒకరం తోసుకునేవాళ్లం.

ఆ సంగతి గుర్తొచ్చి మామతో చెప్పాను.

"మనం కూడా క్యాష్ పెట్టె ఒకటి పెడదాం మామా."

"పెట్టెలో క్యాష్ ఉంటే నీకు జీతమే పెంచనా," అన్నాడు.

"ఆ క్యాష్ కాదు మామా. ఒకరు పాట అడుగుతారు, కడప లైనులో నుంచి వస్తాది. వచ్చినప్పుడే నకలు తీసి పెట్టుకుంటాం. ఇంకొకరు అదే పాట అడిగితే కడప దాకా పోయే పనిల్యా. ఈ గదిలో నుంచే ఇస్తాం."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అందరూ ఒకటే పాట సూస్తారా?"

"శానామంది సూస్తారు. పిల్లోల్ల పాటలు సూడు, ఏ ఇంట్లోకి పోయినా అవే."

"సరే. మరి కువైట్ మొగాలు?"

"అవి దాచిపెట్టనీకి కుదర్దు. ప్రతి మాటా కొత్తదే కదా. కానీ పాటలన్నీ ఈడ నుంచే పోతే, కడప లైనులో మొగాలకు చోటు మిగుల్తాది."

ఆ మాట ఆయనకు పట్టింది. ఆ వారంలోనే బెంగళూరు నుంచి వాడిన సర్వర్ ఒకటి, బోలెడన్ని హార్డ్ డిస్కులు తెప్పించాడు. లైనుకైతే నెలనెలా కట్టాలి, పెట్టెకు ఒక్కసారి పెడితే చాలు అన్న లెక్క ఆయనకు నేను చెప్పకుండానే అర్థమైంది. దాన్ని పని చేయించడానికి నాకే ఎక్కువ రోజులు పట్టింది. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. మా నాన్న అక్కడ ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం బస్టాండుకు సైకిల్ మీద వచ్చి నిలబడి, "ఈ పొద్దన్నా అయిందా మ్మా?" అని అడిగేవాడు. ఏం అవ్వాలో ఆయనకు తెలియదు. నా మొహం చూసి అడగడం మానేసేవాడు.

పెట్టె సర్దుకున్నాక వచ్చిన తొలి శుక్రవారం నాకు బాగా గుర్తుంది. నాలుగైంది. అయిదైంది. మెట్ల మీద ఎవరి చప్పుడూ లేదు. మామ భార్య ఫ్లాస్కులో టీ పంపించింది. ఆయన టీ తాగకుండా గుమ్మం దాకా పోయి వస్తున్నాడు.

"ఎవరూ రాల్యా అంటే మొత్తం లైనే పోయిందేమో సూడు పాపా," అన్నాడు చివరికి.

చూశాను. లైను నిండుగా ఉంది, కానీ నిండింది ఫోన్లతో. పిల్లల పాటలన్నీ మా పెట్టెలోంచే పోతున్నాయి. ఆయనకు తెర చూపించాను. దాంట్లోని గీతలు ఆయనకు అర్థం కావు. కిటికీ తెరిచి నిలబడ్డాడు. ఎదురింటి మేడ మీద ఎవరో ఒకామె ఫోన్ ఎత్తి పట్టుకుని, అందులో ఉన్న మనిషికి కొత్త గోడ రంగు చూపిస్తూ ఉర్దూలో గట్టిగా మాట్లాడుతోంది. మామ చాలాసేపు అక్కడే నిలబడి విన్నాడు. తర్వాత టీ తాగాడు.

సోమవారం పొద్దున రవికెలు కుట్టే అక్క వచ్చింది. మా సందులోనే ఆమె మిషన్. మగడు కువైట్‌లో ఒక సేటు ఇంట్లో కారు తోలుతున్నాడని అందరికీ తెలుసు.

"లైను సక్కగా వస్తాందా అక్కా?" అని నవ్వుతూ అడిగాను.

"శానా సక్కగా వచ్చింది. ఎందుకు అంత సక్కగా చేసినావు పాపా?" అంది. ఆమె నవ్వలేదు.

కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పింది. ఏడాదిగా మగడు ఫోన్‌లో కనపడినప్పుడల్లా వెనక ఏదో మట్టిరంగు గోడ లాగా మసక మసకగా ఉండేది. సేటు ఇచ్చిన గది అని చెప్పేవాడు. మొన్న శుక్రవారం బొమ్మ తేటగా వచ్చింది. అది గోడ కాదు. ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు, వాటి కమ్మీలకు ఆరేసిన లుంగీలు, పై మంచం మీద అటు తిరిగి పడుకున్న ఎవరో మనిషి. మగడి భుజాన మందంగా మడిచిన గోనెగుడ్డ. ఈమె వాళ్ల నాయన దువ్వూరులో హమాలీ. అట్లాంటి గుడ్డ ఎవరు వేసుకుంటారో ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు.

"అదేంది భుజాన అన్నా. టక్కున ఫోన్ పెట్టేసినాడు. మల్లా ఎత్తల్యా. ఏడాది నుంచి నాకు కార్లు, సేటు, బిర్యానీ అని చెప్తాండాడు పాపా. నాకు తెలీకుండా ఉన్నా బాగుండు."

ఆ పెట్టె పని చేసిందని మూడు రోజులుగా గాలిలో తేలుతున్నాను. ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుంటుంటే నీళ్ల గ్లాసు పట్టుకుని ఊరికే నిలబడ్డాను. మామ లోపలి నుంచి అంతా విన్నాడు. వచ్చి, "మీ ఆయప్ప నంబరు ఇయ్యమ్మా," అని మాత్రం అన్నాడు.

ఆ రోజు మామ ఫోన్ చేస్తే అక్క మగడు ఎత్తాడు. సేటు చనిపోయాడు. కొడుకులు కార్లు అమ్మేసి ఇతన్ని పంపించేశారు, పాస్‌పోర్టు మాత్రం వాళ్ల దగ్గరే ఉంది. ఇంటికి పంపే డబ్బు తగ్గితే భార్యకు తెలిసిపోతుందని, కూరగాయల మార్కెట్‌లో మూటలు మోస్తూ మునుపటంతే పంపిస్తున్నాడు. మామతో ఒకప్పుడు ఒకే గదిలో ఉన్న మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. మామ అతన్ని పట్టుకున్నాడు. అతను ఆ కొడుకుల ఇంటికి, ఎంబసీకి తిరిగాడు. నెలలు గడిచాయి. ఆ నెలల్లో అక్క ప్రతి శుక్రవారం మా ఆఫీసుకే వచ్చి, మా పెద్ద తెర మీద మగడితో మాట్లాడేది. ఇంక దాచేదేమీ లేదు కనుక అతనూ ఆ మంచాల మధ్యే కూర్చుని మాట్లాడేవాడు. ఒకసారి పై మంచం మనిషి కూడా కిందికి వంగి, "సలాం అక్కా," అని పలకరించాడు. అక్క అతన్ని ఏ ఊరని అడిగింది. రాయచోటి అన్నాడు.

ఎండాకాలం మొదట్లో పాస్‌పోర్టు చేతికొచ్చి అక్క మగడు ఊరికొచ్చాడు. ఖర్జూరాల డబ్బా తీసుకుని నేరుగా మా ఆఫీసుకే వచ్చాడు. తెర మీద చూసిన దానికంటే సన్నగా, ఇంకా చిన్నవాడిలా ఉన్నాడు.

"నువ్వేనా పాపా, నా మంచం ఊరందరికీ సూపిచ్చింది?" అన్నాడు.

కోపమో కాదో తెలియక నేను మామ వైపు చూశాను. మామ, "స్తంభం ఎక్కుతావా అప్పా?" అన్నాడు.

"మూటలు మోసినోనికి స్తంభం ఎంత," అన్నాడు అతను. మరుసటి రోజు నుంచి మా లైన్‌మన్ అయ్యాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని.

తర్వాతి రెండు మూడేళ్లు నా జీవితంలో మంచి కాలం. పెట్టె మిగిల్చిన దాంతో మామ జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి లైన్లు మొదలుపెట్టాడు. రెండుచోట్లా పెట్టెలు పెట్టాం. వారంలో ఒకరోజు జమ్మలమడుగు పెట్టె, ఒకరోజు పులివెందుల పెట్టె చూడటం నా పని. ముద్దనూరు మీదుగా బస్సు. కిటికీ పక్కన సీటు దొరికితే ల్యాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని, నాపరాళ్ల కుప్పలు దాటి చీని తోటలు, అంటే బత్తాయి తోటలు, మొదలయ్యేదాకా నిద్రపోయేదాన్ని.

పులివెందులలో పెట్టె ఉన్నది డ్రిప్పు పైపులు అమ్మే అంగడి వెనక గదిలో. సింహాద్రిపురం వైపు నుంచి వచ్చిన రైతులు పైపులు కొనడానికి వచ్చి, అంగడివాడి ఫోన్‌లో చీని చెట్టు తెగుళ్ల వీడియోలు చూసేవాళ్లు. ఒక తోటలో ఆకులు ముడుచుకుంటే ఆ వారం అందరూ అదే వీడియో అడిగేవాళ్లు. మొదటివాడికి తిరుగుతూ తిరుగుతూ వచ్చేది, మిగిలినవాళ్లకు తడుముకోకుండా వచ్చేది. "ఈ అంగట్లో నెట్టు బలే ఉరుకుతాది," అని అక్కడ పేరు పడింది.

జమ్మలమడుగులో ఒక పాత ఇంటి మేడ గది బాడుగకు తీసుకున్నాం. ఆ ఇంటి జేజికి పెట్టె ఎందుకో తెలియదు కానీ, దాని వెనక నుంచి వెచ్చని గాలి వస్తుందని కనిపెట్టింది. ముసురు పట్టిన రోజుల్లో మనవరాలి చంటిబిడ్డ గుడ్డలు తెచ్చి దానికి ఎదురుగా తాడు కట్టి ఆరేసేది. నేను తలుపు తీసేసరికి చిన్న చిన్న గుడ్డలు జెండాల్లాగా ఊగుతుండేవి. తీసేయమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. గాలికి అడ్డం రాకుండా తాడు కొంచెం దూరం జరిపి కట్టాను.

పొద్దున ఆఫీసుకు రాగానే పెట్టెలో ఏవి ఎక్కువసార్లు పోయాయో చూడటం నాకు ఇష్టంగా ఉండేది. ఎవరు చూశారో అందులో ఉండదు. ఊరు ఏం చూసిందో మాత్రం తెలుస్తుంది. దసరా తర్వాత వారమంతా ఉత్సవాల ఊరేగింపే. రంజాన్ చివర్లో నెలవంక. పరీక్షల ముందు ఇంటర్ లెక్కల పాఠాలు. పత్తికి పురుగు పట్టినప్పుడు పురుగు మందు. వీధిలో నడుస్తుంటే ఒక ఇంట్లోంచి మొదలైన పాట పక్కింట్లోంచి, ఆ పక్కింట్లోంచి వినపడేది. ఇదంతా నా గదిలోంచి వచ్చిందే కదా అనుకునేదాన్ని. మామ కూడా పెట్టె మీద దుమ్ము ఎవర్నీ తుడవనిచ్చేవాడు కాదు, తనే తుడిచేవాడు.

మార్పు ఒక్కసారిగా రాలేదు. పెట్టెలోంచి పోయేవి తగ్గుతున్నాయని మొదట నేనే నమ్మలేదు. డిస్కు పాడైందేమోనని మార్చాను. తర్వాత గమనించాను. సైట్ల పేర్ల పక్కన చిన్న తాళం గుర్తు వస్తోంది. ఒక్కొక్క సైటూ తాళం వేసుకుంటోంది. తాళం వేసిన సరుకు లోపల ఏముందో మా పెట్టెకు తెలియదు. తెలియనిదాన్ని దాచుకోలేదు. వంద ఇళ్లలో ఒకే పాట చూసినా, వంద సార్లూ కడప నుంచే రావాలి.

మామకు చెప్పడం కష్టమైంది.

"కవరు అంటించి పంపుతాండారు మామా. మనం మోయొచ్చు, ఇప్పి సూడలేము."

"మనమేం దొంగలమా?"

"మన గురించి కాదు. దాంట్లో బ్యాంకు పనులు పోతాయి, ఇండ్లల్లో మాటలు పోతాయి. మధ్యలో ఎవరూ సూడగూడదని చేస్తాండారు. మంచిదే."

"మంచిదే," అన్నాడు. పెట్టె మీది దుమ్ము తుడుస్తూ, "పిల్లోల్ల పాటకు కూడా తాళమా?" అన్నాడు.

అదే రోజుల్లో ఒక ఫోన్ కంపెనీ నెలల తరబడి ఊరికే డేటా ఇచ్చింది. ప్రొద్దుటూరులో సిమ్ములు ఇచ్చే అంగళ్ల ముందు వరుసలు రోడ్డు మీదికి వచ్చాయి. ఇంట్లో కూర్చుని, తీగ కట్టించుకుని చూడాల్సిన అవసరం పోయింది. మొగాలు బజారులో, బస్సులో, పొలం గట్టున కూడా కనపడసాగాయి. నెలనెలా కొన్ని ఇళ్లవాళ్లు మా తీగ తీసేయమన్నారు. అన్న స్తంభం ఎక్కి తీగ చుట్టుకుని వస్తూ, "ఈ పొద్దు ఇంకో ఇద్దరు," అనేవాడు. కట్టడానికి ఎక్కిన స్తంభాలే, విప్పడానికి ఎక్కుతున్నాడు.

అప్పుడు బెంగళూరు నుంచి పెట్టెలు అమ్మే మనిషి వచ్చాడు. ఇంతకంటే పెద్దది, కొత్తది ఉంది, తీసుకుంటే మళ్లీ వెనకటి లాగా మిగులుతుందన్నాడు. మామకు ఆశ పుట్టింది. ఇంట్లోవాళ్లతో మాట్లాడి డబ్బు కూడా చూసుకున్నాడు. నేను వద్దన్నాను. ఎంత పెద్ద పెట్టె అయినా తాళం తీయలేదు. పైగా కడపలో లైను అమ్మేవాళ్లు ఒకరికి నలుగురయ్యారు, ధర నెలనెలా దిగుతోంది. కొత్త పెట్టెకు పెట్టేదాన్ని లైనుకు పెడితే, ఒకప్పుడు మేము కలలో కూడా అనుకోనంత వెడల్పు వస్తుంది.

"పెట్టె పెట్టమన్నదీ నువ్వే, తీసెయ్యమనేదీ నువ్వే," అన్నాడు. ఆయన గొంతు అంత కటువుగా నేను ఎప్పుడూ వినలేదు.

"అప్పుడు లైను పిరియం మామా, పెట్టె సవక. ఇప్పుడు లైనే సవకైంది. పెట్టెకు కరెంటు, ఏసీ కట్టేది కూడా తిరిగి రావడంల్యా."

రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. టీ మాత్రం పంపించాడు. మూడో రోజు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"శుక్రవారం ఆపి సూద్దాం. ఆ పొద్దు తట్టుకుంటే ఇంక ఎప్పుడైనా తట్టుకుంటాది," అన్నాడు.

లైను వెడల్పు చేయించాం. శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి మామ పెట్టె గదిలో కుర్చీ వేసుకున్నాడు. అన్న కూడా స్తంభాల పని ఆపుకుని వచ్చాడు. నేను పెట్టెను పక్కకు తప్పించి, లైను నేరుగా ఇళ్లకు కలిపాను. తర్వాత స్విచ్చి ఆపాను. దాని ఫ్యాన్ల హోరు మెల్లగా తగ్గి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ గదిలో అంత నిశ్శబ్దం నేను వినలేదు. కింద బట్టల కొట్టులో గజాలు కొలుస్తూ లెక్క పెడుతున్న గొంతు వినపడింది.

సాయంత్రమంతా అలాగే కూర్చున్నాం. ఒక ఫోన్ మోగింది. మామే ఎత్తాడు. టీవీలో ఏదో చానల్ రావడం లేదని ఎవరో అడిగారు. అంతే. లైనులో సగం కూడా నిండలేదు.

"ఎవరికీ తెలీల్యా," అన్నాడు మామ.

"తెలిసుంటే ఇబ్బంది కదా మామా," అన్నాను.

"అదే అంటాండా. మంచిదే." పెట్టె మీద చేయి పెట్టి చూశాడు. ఇంకా వెచ్చగా ఉందేమో.

అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఇది ల్యాకుంటే నేను ఇంకా ఆడనే మూటలు మోస్తాంటి," అన్నాడు. ముగ్గురం కలిసి దాన్ని విప్పి, డిస్కులు తీసి, అట్టపెట్టెల్లో సర్దాం.

మరుసటి ఏడాదికి చిన్న కేబుల్ వాళ్లందరి లైన్లూ ఒక పెద్ద కంపెనీ తీసుకుంది. పులివెందుల లైను, జమ్మలమడుగు లైను, చివరికి ప్రొద్దుటూరు కూడా ఇచ్చేశాడు మామ. ఇచ్చేటప్పుడు ఒకటే షరతు పెట్టాడు, మా ఇద్దరికీ పని ఇవ్వాలని. అన్న ఇప్పుడు ఫైబర్ తీగలు అతికిస్తాడు. వెంట్రుకంత సన్నని గాజు తీగను అతని చేతులు పట్టుకోవడం చూస్తే మూటలు మోసిన చేతులని ఎవరూ అనుకోరు. అక్క దగ్గర ఇప్పుడు నాలుగు మిషన్లు ఉన్నాయి. పెళ్లిళ్ల కాలంలో మగడు కూడా హుక్కులు కుట్టాల్సిందే.

కంపెనీ పంపితే ఒకసారి కడపలో వాళ్ల పెద్ద గదికి వెళ్లాను. అక్కడ వరుసగా నిలబెట్టిన పెట్టెలు చూసి ఆగిపోయాను. వీడియోల కంపెనీలే వాటిని ఊరికే ఇచ్చి పెట్టించాయట. ఎక్కువమంది చూసేవి వాటిలోనే ఉంచి, అక్కడి నుంచే ఊళ్లకు పంపుతాయి. మేము చేసిన పనే. కాకపోతే లక్షల ఇళ్లున్న వాళ్లకే ఇస్తారు, మా లాంటి నాలుగు వీధుల వాళ్లకు ఇవ్వరు. లోపల ఏముందో అక్కడి ఉద్యోగులకు కూడా తెలియదు, తాళం వాళ్లదే. నేను ఒక పెట్టె వెనక చేయి పెట్టి చూశాను. గాలి వెచ్చగానే ఉంది. అక్కడ గుడ్డలు ఆరేసేవాళ్లు ఎవరూ లేరు.

ఇప్పుడు నా ఫోన్‌లో ఏదైనా అడిగితే రెప్ప వేసేలోపు వస్తుంది. దానికి నాకేమీ బాధ లేదు, ఈ పని తెలిసిన మనిషిగా సంతోషమే. కానీ ఇప్పుడు ప్రొద్దుటూరు ఏం చూస్తోందో నాకు తెలియదు. బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లు చెవుల్లో తీగలు పెట్టుకుని ఎవరిది వాళ్లు చూసుకుంటున్నారు.

మొన్న వానలు తగ్గాక మామను చూడటానికి వెళ్లాను. జమ్మలమడుగు దాటి గండికోట పోయే దారి పక్కన టీ హోటల్ పెట్టుకున్నాడు. శని, ఆదివారాలు లోయ చూడటానికి వచ్చే కార్లతో జనం బాగానే ఉంటారు. అత్త లోపల దోసెలు పోస్తోంది. గోడకు పొడుగునా ప్లగ్గుల పలక ఒకటి బిగించి ఉంది, దానికి అయిదారు ఫోన్లు వేలాడుతున్నాయి.

"వైఫై పెట్టలేదా మామా? ఇంత జనం వస్తాండారు," అన్నాను.

"ఎవరడుగుతారు పాపా. లైను అందరి జోబీల్లోనే ఉండాది. చార్జింగ్ అడుగుతారు, కారం దోసె అడుగుతారు." టీ నా ముందు పెట్టి, పక్కన కూర్చున్నాడు. "కడపలో ఇప్పుడు లైను ఎంతకిస్తాండారు?"

చెప్పాను. ఆయన మళ్లీ అడిగాడు, సరిగా విన్నాడో లేదోనని. మళ్లీ చెప్పాను.

"అంతేనా," అన్నాడు. "ఆ కాలంలో ఆ రేటే ఉండింటే మనం పెట్టె పెట్టేవాళ్లమే కాదు కదా."

"పెట్టేవాళ్లం కాదు మామా."

"అట్లయితే నువ్వు కూడా నెలకోసారి తీగలు సూసి పోతాంటివి, అంతే."

లోపల నుంచి అత్త పిలిచింది, నాలుగు టేబుళ్లకు దోసెలు అయ్యాయని. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకుని లేచాడు. నేనూ లేచి రెండు ప్లేట్లు అందుకున్నాను. బెంగళూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం, పిల్లవాడి కోసం ఫోన్‌లో ఏదో బొమ్మల పాట పెట్టి, డబ్బాలో తెచ్చుకున్న అన్నం తినిపిస్తోంది. వాళ్ల ముందు ప్లేట్లు పెట్టి, ఇంకొంచెం పచ్చడి కావాలా అని అడిగాను.